తోమిన రూపాయి, అరిగిన రూపాయి: నాణెం స్థితి చూడటం నేర్చుకునేవాళ్లకు

వరంగల్, కరీంనగర్, మహబూబాబాద్ వైపు పాత ఇళ్లల్లో బయటపడే వెండి రూపాయలను వరుసగా పేర్చి చూస్తే, చేతులు మారి మారి అరిగినవాటికన్నా చేతులారా పాడుచేసినవే ఎక్కువ కనిపిస్తాయి. దీపావళి లక్ష్మీపూజకు ఏటేటా చింతపండుతో తోమినవి, తండాల్లో దండకు గుచ్చడానికి కొండి అతికించినవి, వెండి అసలుదా కాదా అని అవుసులాయన గీకి చూసినవి. అందుకే ఇక్కడ కొత్తగా నాణేలు పోగుచేసేవాళ్లు రెండు ప్రశ్నలు వేసుకోవాలి, అదీ ఈ వరుసలోనే. మొదటిది: ఈ బిళ్లకు ఎవరైనా ఏమైనా చేశారా? రెండోది: ఇది ఎంత అరిగింది? చాలామంది రెండోదానితో మొదలుపెడతారు. బొమ్మ స్పష్టంగా ఉంది, తళతళలాడుతోంది అని ఎక్కువ ధర పెట్టి కొంటారు. ఆ తళతళే దాని లోపమని తర్వాత తెలుస్తుంది.

అరగడం నాణేనికి తప్పు కాదు. బాగా అరిగిన బిళ్లకూ తన తరగతిలో తన విలువ ఉంటుంది. తోమిన బిళ్ల మాత్రం ఏ తరగతిలోనూ సరిగ్గా కుదరదు.

బల్ల మీద ఏముండాలి

పెద్ద ఖర్చేమీ లేదు. మందపాటి మెత్తటి తువ్వాలు ఒకటి పరచండి, చేయి జారినా బిళ్ల గట్టి బల్లకు తగలదు. గదిలో ట్యూబులైటు ఆపేసి ఒక్క టేబుల్ ల్యాంపు పెట్టుకోండి. వెలుతురు ఒకే చోటి నుంచి రావాలి. నాలుగు వైపుల నుంచి వెలుతురు పడితే సన్న గీతలు కనబడవు. దుకాణాల్లో తెల్లటి ఎల్‌ఈడీ పట్టీల కింద ప్రతి రూపాయీ బాగున్నట్టే తోచడానికి కారణం ఇదే.

గడియారాలు బాగుచేసేవాళ్లు వాడే రకం భూతద్దం చాలు. 5 రెట్లు పెద్దగా చూపేది రోజువారీ పనికి, 10 రెట్లది అనుమానం తీర్చుకోవడానికి. 10 రెట్ల అద్దంతోనే మొదలుపెడితే ప్రతి చిన్న గీతా పెద్ద గాయంలా కనబడి మంచి బిళ్లను కూడా తక్కువ చేస్తారు. 0.01 గ్రాము వరకు చూపే చిన్న ఎలక్ట్రానిక్ తూకం, ఒక వెర్నియర్ కాలిపర్, ఒక చిన్న అయస్కాంతం. కాలిపర్ దవడలు లోహానివైతే బిళ్ల అంచును గట్టిగా నొక్కకండి, ప్లాస్టిక్‌వి మేలు.

చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరబెట్టుకోండి. బిళ్లను ఎప్పుడూ అంచుల మీదే, బొటనవేలు చూపుడువేలు మధ్య పట్టుకోవాలి. కొత్త రాగి బిళ్ల ముఖం మీద పడ్డ వేలిముద్ర కొద్ది వారాల్లో గోధుమరంగు మచ్చగా మారుతుంది, మళ్లీ పోదు. నూలు గ్లవుజులు తప్పనిసరేమీ కాదు. వాటితో పట్టు జారుతుంది, వాటికి అంటిన ఇసుక రేణువే కొత్త గీత పెడుతుంది.

వెలుగులో తిప్పి చూడటం

దీపానికి జానెడున్నర, రెండు జానల దూరంలో బిళ్లను పట్టుకొని మెల్లగా వంచండి, తర్వాత అంచుల మీదే గుండ్రంగా తిప్పండి. టంకశాల నుంచి వచ్చి వాడకంలో పడని నాణెం మీద వెలుగు రెండు మూడు పాయలుగా విడిపోయి, బండిచక్రం ఆకుల్లా మధ్య నుంచి అంచుదాకా తిరుగుతుంది. దీన్నే ఇక్కడ నిగారింపు అందాం. అచ్చు దెబ్బ పడ్డప్పుడు లోహం మధ్య నుంచి అంచు వైపు పారుతుంది. ఆ పారకంలో కంటికి ఆనని సన్నటి చాళ్లు ఏర్పడతాయి. వెలుగును విడగొట్టేవి అవే. వేళ్లు, గుడ్డ, ఆమ్లం ఏది తగిలినా ముందు పోయేది ఆ చాళ్లే. ఒకసారి పోతే తిరిగి తేవడం ఎవరివల్లా కాదు.

ఇది మాటల్లో చదివితే పట్టుబడదు, చేతిలో చూడాలి. కిరాణా దుకాణంలో చిల్లరగా వచ్చే మెరిసే కొత్త బిళ్ల ఒకటి తీసుకోండి. గల్లగురిగిలోంచి 1982-91 మధ్య వచ్చిన రాగి-నికెల్ రూపాయి ఒకటి, అదే రకం పావలా ఒకటి తీయండి. ఒకే దీపం కింద ఒకదాని తర్వాత ఒకటి తిప్పండి. కొత్తదాని మీద వెలుగు కదులుతుంది. పాతదాని మీద వెలుగు ఒకేచోట మసకగా నిలబడుతుంది. ఇప్పుడు పాత బిళ్లల్లో ఒకదాన్ని బట్టల సబ్బు, పాత్రల పీచుతో కావాలనే తోమి మళ్లీ చూడండి. మెరుస్తుంది, కానీ ఎటు వంచినా ఒకే మెరుపు, కదలిక లేదు. ఈ మూడు తేడాలు కంటికి అలవాటైతే సగం పని నేర్చుకున్నట్టే. 1992 తర్వాతి స్టీలు రూపాయలను మాత్రం ఈ అభ్యాసానికి తీసుకోకండి. ఆ లోహం గట్టిది, ఏళ్లు వాడినా అరుగుదల కంటికి సరిగా ఆనదు.

మొదటి ప్రశ్న: దీనికి ఏం చేశారు?

తోమిన వెండిని పట్టించే గుర్తులు మూడు. ఒకటి, వెంట్రుకవాసి గీతలు ఒకే దిక్కుకు గానీ గుండ్రంగా గానీ గుంపుగా ఉంటాయి. వాడకంలో పడ్డ గీతలు అట్లా ఉండవు, అడ్డదిడ్డంగా ఒక్కొక్కటిగా ఉంటాయి. రెండు, అక్షరాల సందుల్లో నలుపు మిగిలి, ఎత్తైన భాగాలు మాత్రం తెల్లగా ఉంటాయి. గుడ్డ సందుల్లోకి పోదు కదా. మూడు, వందేళ్ల వెండి అయి ఉండీ ఎక్కడా బూడిదరంగు ఛాయ లేకుండా పాలలా తెల్లగా ఉంటుంది. ఇది ఆమ్లంలో ముంచిన గుర్తు. చింతపండు, నిమ్మకాయ, దుకాణంలో అమ్మే వెండి మెరుగు ద్రావణం, ఏది వాడినా ముంచిన ప్రతిసారీ పైపొర కొంత కరిగిపోతుంది. ఒకసారి ముంచినదాన్ని గుర్తుపట్టడం కష్టం. నాలుగైదుసార్లు ముంచినది నిగారింపు చచ్చి, సున్నం కొట్టినట్టు ఉంటుంది.

రాగిది వేరే కథ. నిజాం రెండు పైల బిళ్ల, ఈస్టిండియా కంపెనీ పావు అణా, జార్జి పావు అణా లాంటివి వయసుకు తగ్గట్టు ముదురు గోధుమరంగులోనో నల్లటి చాక్లెట్ రంగులోనో ఉండాలి. కొత్తగా ముద్రించిన రాగిలో ఎర్రటి నిగారింపు ఉంటుంది. అంత ఎరుపు వందేళ్లు నిలవడం అరుదు, నిలిచినా సందుల్లోనే మిగులుతుంది. బిళ్ల అంతా ఒకే గులాబీ రంగులో ఉంటే చింతపండు తగిలిందనే అర్థం. పూజగదిలోని రాగిచెంబు రంగు గుర్తుంటే ఆ గులాబీ ఇట్టే దొరుకుతుంది.

కొండి అతికించిన రూపాయలు మన వైపు చాలా ఎక్కువ. దండ విప్పి అమ్మేటప్పుడు కొండి తీసి, టంకం గీకి, అంచు సాపుచేసి ఇస్తారు. చూడాల్సిన చోటు రాజు లేదా రాణి తల పైన, అంటే గడియారంలో 12 ఉండే చోటు. అక్కడి అంచు గాట్లు లేకపోయినా, పక్కవాటికన్నా పొట్టిగా ఉన్నా, సీసపు రంగులో చిన్న బొడిపె ఉన్నా, చుట్టూ వేడి తగిలి వెండి మబ్బురంగుకు మారినా అది దండ రూపాయి. బొమ్మ మొత్తం బాగున్నా దాన్ని నగగా వాడిన నాణెంగానే లెక్కగట్టాలి. రంధ్రం పెట్టి మళ్లీ పూడ్చినవి ఇంకా మోసం చేస్తాయి. పూడ్చిన చోట వెండి రంగు కొద్దిగా తేడాగా ఉంటుంది, అక్కడి అక్షరం గీతలు చేత్తో చెక్కినట్టు వంకరగా వస్తాయి. రెండు వైపులా ఒకే చోట ఆ తేడా కనబడితే ఇక సందేహం అక్కర్లేదు.

బిళ్ల మీద చిన్న చంద్రవంక, చుక్క, పువ్వు లాంటి గుంట గుర్తులు ఉంటే అవి సర్రాఫులు (నాణేలు మార్చే షావుకార్లు) వెండి పరీక్షించి వేసిన ముద్రలు. కొందరు వీటిని ప్రత్యేకంగా పోగుచేస్తారు, అయినా స్థితి లెక్కలో ఇవి లోపమే. అంచు మీద ఆకురాయి రాసిన గీతలు, అంచు మీద వెండి గీకిన చోటు కూడా అంతే. అంచు చూడకుండా ఏ బిళ్లకూ తరగతి చెప్పకండి. కొత్తవాళ్లు బొమ్మ, బొరుసు చూసి సంతృప్తి పడి అంచును వదిలేస్తారు. కొండి, ఆకురాయి, పోతపోసిన నకిలీ అన్నీ దొరికేది అక్కడే.

ఒక చిన్న సూత్రం చాలా పనికొస్తుంది: బిళ్ల మీద ఉబ్బెత్తుగా ఉన్న గీత అచ్చులోని పగులు వల్ల వచ్చింది, టంకశాలలోనే పుట్టింది. లోతుగా ఉన్న గీత బిళ్ల బయటికి వచ్చాక పడింది. మొదటిది లోపం కాదు, కొన్నిసార్లు దానికోసమే వెతికేవాళ్లు ఉంటారు. రెండోది లోపం.

రెండో ప్రశ్న: ఎంత అరిగింది?

ఇక్కడ వాడే తరగతుల పేర్లు అన్నీ ఇంగ్లీషువే, వ్యాపారులంతా అవే అంటారు, మీరూ అవే అలవాటు చేసుకోండి. వీటి వెనక ఉన్న అంకెలు 1949లో అమెరికాలో విలియం షెల్డన్ పాత రాగి సెంట్ల కోసం తయారుచేసిన 1 నుంచి 70 వరకు ఉన్న కొలమానానివి. ఆ తర్వాత దాన్ని అన్ని నాణేలకూ వాడుతున్నారు.

గుడ్ (4): పేరు చూసి మోసపోకండి, బాగా అరిగినదని అర్థం. బొమ్మ ఆకారం మాత్రమే ఉంటుంది, లోపలి వివరం పోయింది, ఏడాది చదవడానికి వస్తుంది. వెరీ గుడ్ (8) దానికన్నా కొంచెం నయం. ఫైన్ (12): పెద్ద వివరాలన్నీ ఉంటాయి, సన్నవి సగం దాకా పోయి ఉంటాయి, అక్షరాలన్నీ తెగకుండా ఉంటాయి. వెరీ ఫైన్ (20 నుంచి 35): సన్న వివరాల్లో చాలావరకు కనిపిస్తాయి, ఎత్తైన చోట్లు చదునయ్యాయి. ఎక్స్‌ట్రీమ్‌లీ ఫైన్ (40, 45), వాడుకలో ఎక్స్‌ఎఫ్: అత్యంత ఎత్తైన చోట్లలో మాత్రమే అరుగుదల, సందుల్లో నిగారింపు కొద్దిగా మిగిలి ఉండొచ్చు. అబౌట్ అన్‌సర్క్యులేటెడ్ (50 నుంచి 58), ఏయూ: ఎత్తైన చోట్ల కొద్దిపాటి రాపిడి రంగు తేడా తప్ప మిగతా అంతా నిగారింపే. అన్‌సర్క్యులేటెడ్ (60 నుంచి 70), యూఎన్‌సీ: అరుగుదల అసలు లేదు. అయితే సంచిలో ఒకదానికొకటి కొట్టుకున్న గాట్లు ఉండొచ్చు, 60కీ 65కీ తేడా ఆ గాట్ల లెక్కే.

ఏయూకూ యూఎన్‌సీకీ మధ్య గీతే అన్నిటికన్నా కష్టమైనది, డబ్బు ఎక్కువ చేతులు మారేది కూడా అక్కడే. దీపం కింద బిళ్లను వంచినప్పుడు వెలుగు ఎత్తైన చోట్ల మీదుగా ఆగకుండా సాగిపోవాలి. రాజు చెంప మీద, కనుబొమ మీద ఆ వెలుగు తెగి, చిన్న బూడిదరంగు మచ్చ కనబడితే ఏయూ.

రెండు వైపులూ ఎప్పుడూ ఒకే తరగతిలో ఉండాలని లేదు. బొమ్మ ఎక్స్‌ఎఫ్, బొరుసు ఏయూ కావడం మామూలే. రెండూ విడివిడిగా రాసుకోండి. ఒక్క మాట చెప్పాల్సి వస్తే తక్కువదాన్ని చెప్పండి.

ఏ బిళ్లలో ఎక్కడ చూడాలి

అరుగుదల ఎత్తైన చోట మొదలవుతుంది, కాబట్టి ప్రతి రకంలో ఆ చోట్లు తెలిసి ఉండాలి. మన చేతికి ఎక్కువగా వచ్చేవి కల్దారు రూపాయలు (బ్రిటిష్ ఇండియావి), చార్మినార్ హాలీ రూపాయలు (నిజాం సొంత నాణేలు).

విక్టోరియా రూపాయిలో (1862 నుంచి 1876 వరకు క్వీన్ అని, 1877 నుంచి ఎంప్రెస్ అని ఉంటుంది) ముందు చెవి పైనున్న జుట్టు పాయలు, తర్వాత కిరీటంలో రాళ్లు, బట్ట మీద పూల కుట్టు చూడండి. ఆ కుట్టులో ఆకులు విడివిడిగా కనిపిస్తే వెరీ ఫైన్ దాటినట్టు. చెంప సంగతి వెంటనే తేలదు, అది నున్నటి భాగం కాబట్టి అరిగినా కొత్తవాళ్లకు తెలియదు. అక్కడ నిగారింపునే నమ్మాలి.

ఏడో ఎడ్వర్డ్ తలకు కిరీటం లేదు. చెవి పైన జుట్టు, చెవి అంచు, కనుబొమ. చెవి లోపలి మడత పోయి చదునైందంటే ఫైన్ కిందికి వచ్చింది. బొరుసులో పైనున్న కిరీటం శిఖరం చూడాలి.

ఐదో జార్జి రూపాయిలో అంగీ మీద వేలాడే హారంలో చిన్న ఏనుగు ఉంటుంది. 1911లో వచ్చిన మొదటి అచ్చులో ఆ ఏనుగు పందిలా కనిపిస్తోందని అభ్యంతరాలు వచ్చి 1912లో దాన్ని మార్చారు. తరగతి చెప్పడానికి ఈ ఏనుగు మంచి సాక్షి. తొండం, చెవి విడివిడిగా కనిపిస్తే ఎక్స్‌ఎఫ్ పైన. ఏనుగు ఆకారం ఉండి లోపలి గీతలు పోతే వెరీ ఫైన్. ముద్ద మాత్రం మిగిలితే ఫైన్, అంతకన్నా తక్కువ. దానితోపాటు మీసం, కనుబొమ, కిరీటం అంచున ముత్యాల వరుస చూడండి. 1917, 1918, 1919 రూపాయలు లెక్కలేనన్ని ఉన్నాయి. ఈ మూడేళ్లవి వెరీ ఫైన్ కంటే తక్కువలో కొనడం వెండి కొన్నట్టే. నేర్చుకోవడానికి మాత్రం వీటికన్నా మంచివి లేవు. ఒకే ఏడాదివి ఐదారు రకరకాల స్థితిలో ఉన్నవి దగ్గర పెట్టుకోండి, కొత్తగా వచ్చే ప్రతి బిళ్లనూ వాటి పక్కన పెట్టి చూడండి.

చార్మినార్ రూపాయి మన ప్రాంతపు నాణెం. కల్దారుతో పోలిస్తే దీన్ని చదవడానికి అలవాటు కావాలి. చార్మినార్ మధ్య ద్వారంలో ఒక అక్షరం ఉంటుంది: మీమ్ అయితే మహబూబ్ అలీఖాన్‌ది, ఐన్ అయితే ఉస్మాన్ అలీఖాన్‌ది. ఏడాది హిజ్రీలో, ఫార్సీ అంకెల్లో ఉంటుంది. 0.97తో గుణించి 622 కలిపితే క్రీస్తుశకం వస్తుంది: 1330కి 1912. అరుగుదలకు చూడాల్సింది మీనార్ల కొసలు, వాటి మీద అడ్డంగా ఉన్న బాల్కనీ గీతలు, తోరణం పైఅంచు. బాల్కనీ గీతలు విడివిడిగా లెక్కపెట్టగలిగితే ఎక్స్‌ఎఫ్ వైపు. ద్వారంలోని అక్షరం లోతున ఉంటుంది, తొందరగా అరగదు. అది కూడా పోయిందంటే బిళ్ల బాగా అరిగిందన్నా కావాలి, ముద్ర సరిగా పడలేదన్నా కావాలి. ఫార్సీ అక్షరాల చుక్కలు, సన్న కొసలు కూడా మంచి గుర్తులు.

స్వతంత్ర భారత నాణేల్లో అశోకస్తంభం మీది మధ్య సింహం ముక్కు, ఛాతీ మీది జూలు ముందు అరుగుతాయి. టంకశాల గుర్తు ఏడాది కింద వెతకండి: నక్షత్రం హైదరాబాద్, వజ్రం ముంబై, చుక్క నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. అల్యూమినియం పైసల్లో అరుగుదల కన్నా తెల్లటి పొడి, గాట్లు ముఖ్యం. ఆ లోహం చాలా మెత్తన, మచ్చలేని అల్యూమినియం రెండు పైసలు దొరకడం అనుకున్నంత తేలిక కాదు.

అరుగుదలలా కనిపించి అరుగుదల కానిది

ముద్ర బలహీనంగా పడ్డ చోటు చదునుగానే ఉంటుంది. తేడా ఎక్కడంటే, అరిగిన చదును నున్నగా, మసకగా ఉంటుంది. ముద్ర పడని చదును మీద నిగారింపు ఉంటుంది, లేదా ఖాళీ బిళ్ల నాటి గరుకుదనం మిగిలి ఉంటుంది. రెండో పరీక్ష: బిళ్లను తిప్పి సరిగ్గా వెనకవైపు అదే చోటు చూడండి. ఒకవైపు లోతైన బొమ్మ లోహాన్ని లాగేసుకుంటే వెనకవైపు నిండదు, అందుకే బలహీనత తరచూ రెండు వైపులా జతగా వస్తుంది. అరుగుదలకు ఆ జత అక్కర్లేదు.

అచ్చు పాతబడితే అక్షరాలు ఉబ్బి, అంచుల దగ్గర సాగినట్టు కనిపిస్తాయి, మైదానం (బొమ్మ, అక్షరాలు లేని ఖాళీ చోటు) కమలాపండు తొక్కలా గరుకుగా ఉంటుంది. ఇదీ అరుగుదల కాదు. కాకపోతే అందం తగ్గుతుంది, ధర కొంత తగ్గుతుంది.

తూకం చెప్పే మాట

1940కి ముందు కల్దారు రూపాయి 11.66 గ్రాములు, అంటే పాత లెక్కలో ఒక తులం. ఇప్పటి బంగారం దుకాణాల తులం 10 గ్రాములు, రెండూ కలపకండి. అందులో వెండి నూటికి 91.7 పాళ్లు. 1940 నుంచి వచ్చిన ఆరో జార్జి వెండి రూపాయి తూకం అంతే, కానీ వెండి సగమే, మిగతాది రాగి, నికెల్, జింకు. 1947 రూపాయి పూర్తి నికెల్, అయస్కాంతానికి అంటుకుంటుంది. 1940కి ముందు చార్మినార్ వెండి రూపాయి 11.18 గ్రాములు, వెండి 81.8 పాళ్లు. కాబట్టి స్వచ్ఛమైన వెండి లెక్కన ఐదో జార్జి రూపాయిలో సుమారు 10.7 గ్రాములు, చార్మినార్‌లో 9.1, ఆరో జార్జి సగం వెండిదానిలో 5.8. బాగా అరిగిన మామూలు ఏడాది బిళ్లకు అడుగు ధర ఇదే.

తూకాన్ని ఎప్పుడూ బొమ్మతో కలిపి చదవండి. బాగా అరిగిన రూపాయి 11.4 దగ్గర తూగితే సహజం. బొమ్మ పదునుగా ఉండి అదే 11.4 తూగితే అంచు గీకారు, లేదా అది నకిలీ. బొమ్మ అరిగి ఉండి 11.9 తూగితే టంకం మిగిలి ఉండొచ్చు. 1939 వెండి రూపాయి చాలా అరుదు, దానికి నకిలీలు విరివిగా ఉన్నాయి. పోతపోసిన నకిలీ అయితే ముఖం సబ్బు బిళ్లలా నున్నగా ఉండి సూది మొన గుంటలు కనిపిస్తాయి, అంచు చుట్టూ సన్న అతుకు గీత ఉంటుంది. అక్షరాల మూలలు గుండ్రంగా ఉంటాయి. మిగతా ఏడాదుల అంకె దిద్ది 1939 చేసిన సందర్భంలో చివరి 9 చుట్టూ మైదానం గీకినట్టు ఉంటుంది.

రాముడి పట్టాభిషేకం, హనుమంతుడు ఉండి 1818, ఈస్టిండియా కంపెనీ అని రాసి ఉన్నవి అసలు నాణేలే కావు. కంపెనీ అట్లాంటివి ఎప్పుడూ ముద్రించలేదు. బియ్యం లాగుతుందని చెప్పే బిళ్లలను చూపించినా వెంటనే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. వాటికి స్థితి చూడాల్సిన పనే లేదు.

శాతవాహన బిళ్లలు

కోటిలింగాల, పెద్దబంకూర్, ధూళికట్ట పేర్లు వినే ఊళ్ల వాళ్లం కాబట్టి సీసం, పోటిన్ (రాగిలో సీసం, తగరం కలిపిన లోహం), రాగి శాతవాహన నాణేలు కళ్లబడతాయి. వీటికి పైన చెప్పిన తరగతులు సరిగా అతకవు. ముద్ర బిళ్ల మధ్యలో పడిందా, ఏనుగు పూర్తిగా ఉందా, బొరుసులో నాలుగు వలయాల ఉజ్జయిని గుర్తు ఎంత ఉంది, బ్రాహ్మీ అక్షరాలు ఎన్ని చదవొస్తాయి, పైపూత స్థిరంగా ఉందా: వీటిని చూస్తారు. రాగి మీద గట్టి ముదురు పచ్చ పొర ఉంటే మంచిదే, దాన్ని గీకకండి. లేతపచ్చ పొడి రాలుతుంటే అది లోపలి క్లోరైడ్‌ల వల్ల లోహాన్ని తినేస్తున్న జబ్బు. పక్క బిళ్లల నుంచి వేరుచేసి పొడి చోట పెట్టండి. సీసం మీద తెల్లపొడి వస్తే చెక్క పెట్టె నుంచి తీసేయండి, చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సీసాన్ని తింటుంది. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

పొలంలోనో పునాదిలోనో పాత నాణేలు బయటపడితే అవి సేకరణకు కాదు, కలెక్టర్‌కు తెలపాలని చట్టం. 100 ఏళ్లు దాటిన నాణేలను దేశం దాటించడం కూడా నిషేధం. అసలైనవి ఎట్లా ఉంటాయో చూడటానికి కరీంనగర్ పురావస్తు మ్యూజియం, హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియం ఉన్నాయి. సైఫాబాద్ పాత టంకశాలలో ఉన్న మ్యూజియంలో అచ్చులు, యంత్రాలు చూస్తే ముద్ర ఎందుకు బలహీనపడుతుందో కళ్లారా తెలుస్తుంది.

కడగాలా?

వద్దు. ఒక్క మినహాయింపు: బిళ్లకు చెందని పదార్థం దాని మీద అంటుకుని ఉంటే. పూజలో అంటిన పసుపు కుంకుమ, టేపు జిగురు, ప్లాస్టిక్ సంచి వదిలిన పచ్చ జిడ్డు. పసుపు కుంకుమలకు డిస్టిల్డ్ వాటర్‌లో గంట నానబెట్టి నీళ్లు మార్చండి. జిగురుకు, జిడ్డుకు స్వచ్ఛమైన అసిటోన్ గాజు గిన్నెలో పోసి అయిదారు నిమిషాలు ఉంచి, బయటికి తీసి ఇంకోసారి కొత్త అసిటోన్‌లో ముంచండి. గోళ్ల రంగు తీసే సీసా వాడకండి, అందులో నూనె, సువాసనలు ఉంటాయి. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, పొయ్యికి దూరంగా, కిటికీ తెరిచి చేయండి. ఆరబెట్టేటప్పుడు మెత్తటి గుడ్డ మీద పెట్టి అద్దాలి, రుద్దకూడదు. నల్లబడిన వెండిని తెల్లబరచాలనే కోరిక వస్తే బిళ్లను పెట్టెలో పెట్టేయండి. గంధకం తగిలి ఏళ్లమీద వచ్చిన ఆ నలుపు, అంచు నుంచి మధ్యకు మెల్లగా పాకిన నీలి-బంగారు ఛాయ, లోహానికి రక్షణ పొర. గీతల మీదుగా కూడా ఒకే చిక్కదనంతో రంగు పరుచుకుని ఉంటే మాత్రం ఎవరో తోమి తర్వాత కావాలని రంగు తెప్పించారు.

దాచడం

మెత్తగా వంగే పీవీసీ ఆల్బమ్‌లు వద్దు, రెండు వానకాలాలు గడిస్తే పచ్చ జిడ్డు వదులుతాయి. మైలార్ (పారదర్శకమైన గట్టి ప్లాస్టిక్) పొర ఉన్న రెండంగుళాల అట్ట ఫ్లిప్‌లు, లేదా గట్టి గుండ్రటి క్యాప్సూల్‌లు వాడండి. ఫ్లిప్‌కు స్టేప్లర్ కొట్టాక పిన్ను కొసలను పట్టకారుతో అణచండి, లేకపోతే పక్క బిళ్లను గీరుతాయి. రబ్బరు బ్యాండ్లు, న్యూస్‌పేపర్ పొట్లాలు, ఉన్ని గుడ్డ: వీటన్నిటిలో గంధకం ఉంటుంది, వెండి నల్లబడుతుంది. బీరువాలో ఒక సిలికా జెల్ పొట్లం పెట్టి జూన్‌లో ఒకసారి, ఆగస్టులో ఒకసారి మార్చండి.

ప్రతి ఫ్లిప్ మీద బిళ్ల పెట్టకముందే రాయండి: ఏడాది, టంకశాల, తూకం, అడ్డుకొలత, బొమ్మ తరగతి, బొరుసు తరగతి, అంచు సంగతి, లోపం. తోమిన బిళ్ల అయితే "ఎక్స్‌ఎఫ్ వివరం, తోమినది" అని రెండూ రాయాలి. నాణేలకు తరగతి కట్టే ఎన్‌జీసీ, పీసీజీఎస్ లాంటి సంస్థలు ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి ఇచ్చే నాణేల మీద కూడా ఇదే పద్ధతి ఉంటుంది. "డీటెయిల్స్" అన్న మాట కనబడితే అది లోపమున్న బిళ్ల. ఆ పెట్టెలకూ నకిలీలు ఉన్నాయి కాబట్టి కొనేముందు దాని నంబరును ఆ సంస్థ వెబ్‌సైట్‌లో చూసి బొమ్మతో సరిపోల్చండి.

ఫోటో చూసి కొనేటప్పుడు

బొమ్మ, బొరుసు నిటారుగా తీసిన రెండు ఫోటోలు చాలవు. పక్కగా వంచి తీసినది ఒకటి, 12 గంటల చోటు అంచు ఒకటి, తూకం మీద పెట్టినది ఒకటి అడగండి. వీలైతే ఒకే దీపం కింద బిళ్లను తిప్పుతున్న పది సెకన్ల వీడియో అడగండి. నిగారింపు ఉందో లేదో దాన్లో తేలిపోతుంది. తెల్లగా వెలిగిపోయే ఫోటోలో గీతలు కనబడవు. అమ్మేవారు అవి పంపకపోతే, చెప్పిన తరగతికన్నా ఒక మెట్టు కిందకు లెక్కగట్టి ధర చెప్పండి. పాత నాణేలు కొంటాం, ముందు కమిషనో పన్నో కట్టండని రిజర్వ్ బ్యాంకు పేరు చెప్పేవాళ్లకు మాత్రం పైసా పంపకండి. ఆ పేరు వాడి చేసే మోసాల గురించి 2021లో రిజర్వ్ బ్యాంకే హెచ్చరిక ఇచ్చింది.